షట్టరులో కొబ్బరినూనె

పక్క వాటాలో ఉండే బ్యాంకు అమ్మాయి మొన్న ఒక పాత కెమెరా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. వాళ్ళ తాతగారి ఇనప్పెట్టెలో దొరికిందట. తోలు తొడుగంతా బూజు పట్టి ఉంది గానీ అద్దం మాత్రం నిగనిగలాడుతోంది. "మీట నొక్కితే లోపల ఏదో టక్కుమంటోంది ఆంటీ, కానీ తెరుచుకోవట్లేదు. ఒక్క చుక్క నూనె వేస్తే సరిపోతుంది కదా?" అంది. "నూనె వేశావంటే నీ చెయ్యి విరిచేస్తాను!" అని నేను అరిచిన అరుపుకి ఆ పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. వంటింట్లో ఉన్న మావారు గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన గొంతు నాది, ఎత్తితే అలాగే ఉంటుంది, ఏం చెయ్యను. తర్వాత ఆ పిల్లని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి బతిమాలుకున్నాను. ఎందుకు అరిచానో మాత్రం చెప్పలేకపోయాను. అది కాఫీ తాగేలోపు చెప్పగలిగే సంగతి కాదు.

అమలాపురంలో మా మేనత్త ఎస్తేరమ్మకి ఒక ఫోటో స్టూడియో ఉండేది. నిజానికి అది మా మావయ్యది. ఆయన ముందు గదిలో ఫోటోలు తీస్తూ ఉంటే, అత్తయ్య వెనక గదిలో కూర్చుని నెగెటివుల మీద సన్న పెన్సిలుతో జనం మొహాల మచ్చలు దిద్దుతూ ఉండేది. మావయ్య హఠాత్తుగా పోయాక, స్టూడియో అమ్మేసి బట్టలు కుట్టుకోమని చుట్టాలందరూ సలహా ఇచ్చారట. "నాకు కుట్టుపని రాదండీ, వచ్చిన పని ఇదొక్కటే" అని చెప్పి, ఆ వారంలోనే బోర్డు తుడిపించి తలుపులు తీసింది. "ఆడమనిషి ఫోటోలు తీయడమేంటండీ, చోద్యం కాకపోతే" అన్నవాళ్ళే తమ ఆడపిల్లల పెళ్ళిచూపుల ఫోటోలకి అందరికంటే ముందు ఆవిడ దగ్గరికి వచ్చారు. మాది రాజోలు దగ్గర పల్లె. నేను డిగ్రీ చదువుకోవడానికి అమలాపురం వచ్చి ఆవిడ దగ్గర మూడేళ్ళు ఉన్నాను. కాలేజీలో నేర్చుకున్నది చాలా వరకు మర్చిపోయాను. ఆ వెనక గదిలో చూసింది మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు.

అత్తయ్యకి పేరు తెచ్చింది ఫోటోలు కాదు, పట్టేసిన షట్టర్లు. కెమెరా అద్దాల మధ్య ఐదు ఉక్కు రేకులుంటాయి, ఉల్లిపొర కంటే పల్చగా, ఒకదాని మీద ఒకటి వాలి. మీట నొక్కితే ఐదూ ఒక్కసారే విచ్చుకుని మళ్ళీ ముడుచుకుంటాయి. మాది చుట్టూ నీళ్ళున్న నేల. ఉప్పుగాలి, ఏడాదిలో సగం రోజులు గోడలు కూడా చెమర్చే తేమ. లోపలి పాత జిడ్డు బంకలా మారి రేకుల మధ్య చేరిందంటే అవి ఒకదానికొకటి అతుక్కుపోయేవి. రాజోలు నుంచీ, కొత్తపేట నుంచీ, ఒక్కోసారి కాకినాడ నుంచీ కూడా ఫోటోగ్రాఫర్లు కెమెరాని తువాల్లో చుట్టి, జ్వరం వచ్చిన పసిపిల్లని తెచ్చినట్టు గుండెకి ఆనించుకుని బస్సు దిగేవారు. "ఏంటండీ, మళ్ళీ పట్టేసిందా?" అని అత్తయ్య అడిగితే "ఆయ్, పట్టేసిందండీ" అని నేలచూపులు చూసేవారు. ఎందుకంటే వాళ్ళలో సగంమంది అప్పటికే దాంట్లో ఏదో ఒక నూనె పోసేసి ఉండేవారు. అత్తయ్య కెమెరాని ముక్కు దగ్గర పెట్టుకుని ఇట్టే కనిపెట్టేది. "ఇది కుట్టుమిషను నూనె. సరే. ఇదేంటండీ, ఆముదం? కెమెరాకి ఆముదం ఎవరు పట్టేరండీ, దీనికేమన్నా విరేచనం అవ్వాలా?" అనేది. పెద్ద పెద్ద మీసాలున్న ఫోటోగ్రాఫర్లు సిగ్గుతో ముడుచుకుపోయేవారు.

పొద్దున్న పది దాటి, మంచు తేమ ఆరి, కిటికీలోంచి ఎండ బల్ల మీదికి వచ్చేదాకా ఆవిడ ఏ కెమెరా విప్పేది కాదు. ముందు మోచేతుల దాకా కుంకుడు రసంతో కడుక్కుని, చేతులు రెండూ ఎండలో చాచి ఆరబెట్టుకునేది. కోనసీమలో పుట్టిన ఆడది తలకి నూనె రాసుకోకుండా ఉండటం ఎక్కడైనా చూశారా? అత్తయ్య సోమవారం నుంచి శనివారం దాకా రాసుకునేది కాదు. ఆవిడ జుట్టు ఎప్పుడూ పీచులా రేగి ఉండేది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మాత్రం గిన్నెడు నూనె నడినెత్తిన పెట్టించుకుని, "హమ్మయ్య, ఇప్పుడు నేను మనిషినయ్యేను" అని కళ్ళు మూసుకునేది. సోమవారం తెల్లారగానే తలంటు. ఆ గదిలోకి నేను వెళ్ళాలన్నా జడకి తువాలు చుట్టుకుని వెళ్ళాల్సిందే. బల్ల మీద పాత తెల్ల పంచె పరిచి, పక్కన వామనగుంటల పీట పెట్టుకునేది. అందరూ చింతగింజలు వేసి ఆడుకునే పీట అది. ఆవిడ విప్పిన మరల్ని విప్పిన వరసలో ఒక్కో గుంటలో ఒక్కోటి వేసేది. మళ్ళీ బిగించేటప్పుడు చివరి గుంట నుంచి వెనక్కి వచ్చేది. పలకరించడానికి వచ్చినవాళ్ళెవరైనా ఆ పీట ఇటు నుంచి అటు జరిపితే, ఇక వాళ్ళకి ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా పుట్టేవి కావు.

అప్పుడు పెట్రోలు సీసా తీసేది. చిన్న కుంచెతో రేకుల్ని తడిపేది, మీట నొక్కేది, మెత్తటి గుడ్డ కొసతో అద్దేది, మళ్ళీ తడిపేది. పదిసార్లు, ఇరవైసార్లు. రేకులు ముందు బద్ధకంగా సగం తెరుచుకుని ఆగిపోయేవి. మరో తడుపుకి ముప్పావు. మరో తడుపుకి పూర్తిగా. పెట్రోలు వాసన, పక్క చీకటిగదిలోంచి వచ్చే, ఫోటోలు కడిగే హైపో మందు వాసన, పెరట్లో కొబ్బరి డొక్కల పొయ్యి మీద ఉడికే అన్నం వాసన, మూడూ కలిసి ఆ గదిలో తిరుగుతూ ఉండేవి. ఇప్పటికీ పెట్రోలు బంకు దగ్గర ఆగితే నాకు ఆకలేస్తుంది. "నువ్వు నూనె అసలు వెయ్యవా అత్తయ్యా?" అని ఒకసారి అడిగాను. "రేకులకి వెయ్యకూడదే నిమ్మీ. రేకులు పొడిగా ఉంటేనే పరిగెడతాయి. పక్కనున్న చిన్న చక్రాల ఇరుసులకి వేస్తాను, అది కూడా వాచీ నూనె, సూది మొనతో. వేసినట్టు చక్రానికి తెలియాలి, మన కంటికి తెలియకూడదు" అంది. అన్నీ అయ్యాక కెమెరాని చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, మీట నొక్కి వినేది. లోపల చక్రాలు జుయ్యిమని తిరిగి టిక్కుమని ఆగేవి. ఎంతసేపు తిరిగాయో వినే చెప్పేసేది, గడియారం చూసేది కాదు. ఒకసారి వెనక మూత తీసి కిటికీ వెలుగుకి ఎదురుగా నా కంటి దగ్గర పెట్టి నొక్కింది. నల్లటి చీకట్లో ఐదు మూలల చిన్న చుక్క పుట్టి, గుండ్రంగా పెరిగి, నేను ఊపిరి పీల్చేలోపు పోయింది. ఇంత చిన్న తలుపులోంచా మనుషుల మొహాలన్నీ లోపలికి వెళ్ళేది అనుకున్నాను.

ఇంత చూసినదాన్ని ఆ పని ఎందుకు చేశానంటే, ఏం చెప్పను. మా పల్లెల్లో ఏది పట్టేసినా మందు ఒక్కటే. తలుపు కిర్రుమంటే కొబ్బరినూనె, తాళం తిరక్కపోతే కొబ్బరినూనె, ఉంగరం వేలికి బిగిస్తే, సైకిలు గొలుసు మొండికేస్తే, పసిదానికి చెవిపోటు వస్తే కూడా అదే. అత్తయ్య చెప్పిన మాట నా బుర్రలో ఉంది గానీ, మా అమ్మ దగ్గర పట్టుకున్న అలవాటు చేతుల్లో ఉంది. క్రిస్మస్ దగ్గర పడుతున్న రోజులవి. అత్తయ్య సొంత కెమెరాకి, పై అద్దంతో చూసి కింది అద్దంతో తీసే రెండు కళ్ళ కెమెరా అది, షట్టరు కొంచెం మందగించింది. "దీన్ని సోమవారం విప్పాలే" అని చెప్పి, శుక్రవారం మధ్యాహ్నం చుట్టాలావిణ్ణి చూడటానికి కొత్తపేట వెళ్ళింది. వచ్చేసరికి బాగుచేసి ఆవిణ్ణి ఆశ్చర్యపరుద్దామని నాకు బుద్ధి పుట్టింది. సైకిలు ట్యూబు ముక్క ముందు అద్దం అంచుకి నొక్కిపెట్టి తిప్పితే అది ఊడుతుందని చూసి ఉన్నాను. ఊడదీశాను. వాచీ నూనె బీరువాలో ఉంది, తాళం అత్తయ్య దగ్గరుంది. చీపురు ఈనె కొస కొబ్బరినూనెలో ముంచి, చుక్క జారి చక్రాల దాకా పోతుందిలే అని నాకు నేనే చెప్పుకుని, రేకుల అంచున వదిలాను. మీట నొక్కితే, అబ్బ, ఎంత హాయిగా తిరిగిందో! ఆ సంబరంలో ఇంకో రెండు చుక్కలు వేశాను. అద్దం బిగించి, కెమెరా సంచీలో పెట్టేసి, సోమవారం దాకా నోరు విప్పకూడదని నిర్ణయించుకున్నాను.

అత్తయ్య రాత్రి ఆఖరి బస్సుకి తిరిగొచ్చింది. మర్నాడు తెల్లవారుతూనే తలుపు తట్టిన చప్పుడైంది. మంచు దట్టంగా పట్టింది. గుమ్మంలో దాన్యేలు మాస్టారని ఒకాయన, మఫ్లరు కట్టుకుని, స్కూటరు మీద వచ్చి వణుకుతూ నిలబడ్డారు. వాళ్ళది కాట్రేనికోన అవతల పాయ ఒడ్డున పల్లె. వాళ్ళమ్మ మార్తమ్మగారు రాత్రి పోయారట. ఆవిడా, భర్త ఏసోబుగారూ ఊడ్పులకీ కోతలకీ కూలికెళ్ళి నలుగురు పిల్లల్ని చదివించారు. ఇద్దరు మాస్టార్లు, ఒకమ్మాయి నర్సు, ఒకాయన తాలూకాఫీసులో గుమాస్తా. "నలుగురికీ పెళ్ళిళ్ళయ్యేయండీ" అన్నారు దాన్యేలు మాస్టారు. "నాలుగు ఆల్బమ్ములున్నాయండీ ఇంట్లో. రాత్రి అన్నీ తిరగేసేం. ఒక్కదాంట్లోనూ మా అమ్మ లేదండీ. ఫోటోకి రావే అంటే 'అన్నం దించేసి వత్తన్నాను, మీరు కానివ్వండ్రా' అనేదండీ. మేం కానిచ్చేసేవాళ్ళమండీ." ఆ మాట అని ఆయన గోడకేసి తిరిగిపోయారు. శవపెట్టెలో ఉంచాక అందరూ చుట్టూ నిలబడి ఒక ఫోటో తీయించుకోవడం మావాళ్ళలో ఉన్నదే. కానీ వీళ్ళకి అదొక్కటే మిగిలింది. "మొదటి బస్సుకే వచ్చేయండమ్మా. సమాధుల దిబ్బ పాయకి అవతలుంది. పోటు మీదుండగానే పడవ దాటాలండీ. నీరు తీసేత్తే బురదలో కూరుకుపోద్ది. మళ్ళీ పోటొచ్చేసరికి చీకటి పడిపోద్దండీ" అని చెప్పి వెళ్ళిపోయారు. అత్తయ్య సంచీ భుజాన వేసుకుంది. స్టాండు నేను పట్టుకున్నాను. బస్సులో కిటికీలోంచి కొట్టే చలికి నా తలకి రాసుకున్న నూనె గడ్డకట్టి పాపిట దగ్గర తెల్లగా పేరుకుంది. దాన్ని గోటితో గీరుతూ కూడా నాకు కెమెరా సంగతి తట్టలేదు చూడండి.

ఇంటి ముందు తాటాకు పందిరి. కింద బల్ల మీద పెట్టె. మార్తమ్మగారికి తెల్ల చీర కట్టి, తలదువ్వి, చేతులు గుండెల మీద కలిపి పెట్టారు. చిన్న మనిషి, నల్లటి మొహం, మంచి ముక్కు. తల దగ్గర ఏసోబు తాత పెట్టె అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఏడవడం లేదు. అత్తయ్య స్టాండు నిలబెట్టి, అలవాటు ప్రకారం, జనాన్ని పిలవకముందే ఒకసారి మీట నొక్కి అద్దంలోకి చూసింది. చూస్తూ అలాగే ఉండిపోయింది. రేకులు సగం తెరుచుకుని ఆగిపోయాయి. మళ్ళీ నొక్కింది. కదల్లేదు. కెమెరా ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత మెల్లిగా తలెత్తి నా జడ వైపు చూసింది, ఆ తర్వాత నా మొహంలోకి. చలికి నూనె లోపల గడ్డకట్టేసిందని అప్పుడు వెలిగింది నాకు. మార్తమ్మగారి నాలుగు ఆల్బమ్ములూ గుర్తొచ్చాయి. ఐదోది నేనే లేకుండా చేశాను.

"ఏవైందండీ?" అని దాన్యేలు మాస్టారు దగ్గరికొచ్చారు. "షట్టరు పట్టేసిందండీ. చూసుకోకుండా తెచ్చేను, పొరపాటు నాది" అంది అత్తయ్య. "అరగంట ఇవ్వండి." వెనక ఎవరో "ఆడమనిషిని పిలిత్తే ఇలాగే ఉంటాది మరి" అని గొణిగారు. పడవ సరంగు గెడ భుజాన పెట్టుకుని వచ్చాడు. "అరగంటంటే కట్టమండీ. పోటు నిలబడిపోయింది. ఇక తీసేత్తాది" అన్నాడు. "పొయ్యి దగ్గర పెడితే నూనె కరిగిపోదా అత్తయ్యా" అని నేను నసిగాను. "కరిగి రేకుల మధ్యకి ఇంకా బాగా పోతుంది. నోర్మూసుకుని నాలుగు పన్లు చెయ్యి. సైకిలు ట్యూబు ముక్క, శుభ్రమైన పంచె, దూది, పెట్రోలు పట్రా" అంది. మాస్టారి స్కూటర్లోంచి గ్లాసుతో పెట్రోలు పట్టుకొస్తే వేలికి రాసుకుని పారబోసింది. స్కూటరు పెట్రోల్లో ఇంజను నూనె కలుపుతారు, అది పనికిరాదట. నేను ఏడుపు మొహంతో పాస్టరుగారి పెద్ద మోటారు సైకిలు దగ్గరికి పరిగెత్తాను. ఆయన బైబిలు చంకలో పెట్టుకుని, ట్యాంకు మూత తీసి, రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకుని తనే లాగి గిన్నెలో పోసిచ్చారు. అత్తయ్య పందిట్లో కొవ్వొత్తులన్నీ ఆర్పించి, పెట్టె పక్కనే చాప మీద కూర్చుంది. "ఆడవాళ్ళందరూ పాటందుకోండమ్మా. గట్టిగా పాడండి. ఎవరూ నా దగ్గరికి రాకండి" అంది. పాట లేచింది.

ఆ అరగంట నేను చూసింది నా తర్వాతి జీవితంలో ఎక్కడా చూడలేదు. ట్యూబు ముక్క అంచుకి నొక్కి అద్దం విప్పింది. రేకుల మీద నా నూనె మైనంలా తెల్లగా కనిపించింది. లోపలున్న ఫిల్ములో ఒక ముక్క వెలుతురుకి పోతుందని తెలుసు, పోనిమ్మంది. సంచీలో ఉన్న చిన్న కుంచె పెట్రోల్లో ముంచి ఒక రేకు అంచు తడిపింది, ఆగింది, అద్దింది. అరచేతిలో దూది, వేళ్ళ మధ్య కుంచె, బొటనవేలు మీట మీద, మూడూ ఒకదానికొకటి అడ్డం రాకుండా కదులుతున్నాయి. చుట్టూ నూటయాభైమంది, పాట, ఏడుపు, సరంగు కేకలు. ఆవిడ చెయ్యి మాత్రం వెనక గదిలో బల్ల ముందు ఉన్నట్టే ఉంది, కంగారు లేదు, తొందర లేదు. నాకు తాటాకు విసనకర్ర ఇచ్చి "మెల్లిగా విసురు, పెట్రోలు ఆరాలి" అంది. నా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "కన్నీళ్ళు దీంట్లో పడితే తుప్పు పడుతుందే. ఏడవాలనుంటే అవతలకి పోయి ఏడువు, లేకపోతే విసురు" అంది. నేను విసిరాను. పెట్రోలు ఆరిన చోట మళ్ళీ తెల్లటి పొర కనిపించేది. మళ్ళీ తడిపేది. ఎన్నిసార్లో లెక్క మర్చిపోయాను. ఒక తడుపుకి రేకులు ఉలిక్కిపడ్డట్టు కదిలాయి. ఇంకో తడుపుకి పూర్తిగా విచ్చుకున్నాయి. చాప మీద కూర్చున్నదాన్ని, నాకు లేచి గంతెయ్యాలనిపించింది.

అత్తయ్య చెవికి ఆనించుకుని వింది. తల అడ్డంగా ఊపింది. "చక్రాలు తిరగట్లేదే. నూనె అక్కడిదాకా పోయింది. వాటిని విప్పే టైము లేదు." అంటే షట్టరు తనంతట తాను సరైన క్షణంలో మూసుకోదు. నొక్కి పట్టుకున్నంతసేపు తెరుచుకుని, వదిలితే మూసుకునే పాత పద్ధతి ఒక్కటే మిగిలింది. పెట్టె, దాని వెనక మూడు వరసల మనుషులు, అన్నీ తేటగా రావాలంటే వెలుతురు వెళ్ళే కంత బాగా చిన్నది చెయ్యాలి, ఆ మంచులో చాలాసేపు తెరిచి ఉంచాలి. అందరినీ నిలబెట్టింది. "నేను చెయ్యెత్తిన దగ్గర్నుంచి దించేదాకా ఎవరూ కదలకండి బాబూ. ఏడుపు ఉగ్గబట్టుకోండి. మూడు లెక్కపెడతాను, అంతే" అంది. పాట ఆగింది. చెయ్యెత్తింది. "ఒకటీ... రెండూ..." పందిట్లో కాకి కూడా అరవలేదు. "మూడూ." చెయ్యి దించింది. అప్పటిదాకా బిగబట్టిన ఏడుపంతా ఒక్కసారి బద్దలైంది. ఇంకొకటి తీద్దామని ఫిల్ము తిప్పి నొక్కితే రేకులు మళ్ళీ మొరాయించాయి. సరంగు కేకేశాడు. పెట్టె లేచింది. పాయలో నీళ్ళు అప్పటికే ఒడ్డు వదిలి దిగుతున్నాయి.

తిరుగు బస్సులో చాలాదూరం వచ్చాక "అత్తయ్యా, నేనే..." అన్నాను. "తెలుసు" అంది. "మరి వాళ్ళ ముందు నీ పొరపాటని ఎందుకు చెప్పావు?" ఆవిడ కిటికీలోంచి చూస్తూనే అంది. "నీ తప్పు గురించి మాట్లాడుకోడానికా మనం అక్కడికెళ్ళింది?" ఆ సాయంత్రమే ఫిల్ము కడిగాం. ఒకే ఒక్క ముక్క. ఎర్రదీపం కింద ట్రేలో కాగితం వేసి ఊపాం. ముందు పెట్టె అంచు వచ్చింది. తర్వాత మార్తమ్మగారి ముక్కు, మూసిన రెప్పలు, చీర అంచు మీది కుట్టు, వేలి గోళ్ళు కూడా. అంత తేటగా ఉన్న మొహం నేను ఆ స్టూడియోలో చూడలేదు. కానీ ఆవిడ చుట్టూ ఉన్నవాళ్ళెవరికీ మొహాల్లేవు. ఏడుపు ఉగ్గబట్టుకోలేక భుజాలు కదిలాయి, తలలు కదిలాయి. కొడుకులు మసకమసకగా ఉన్నారు. కూతురికి రెండు మొహాలు, రెండూ సరిగా లేవు. ముందు నిలబడ్డ మనవడు పొగలా ఉన్నాడు. తల దగ్గర ఏసోబు తాత ఒక్కడే తెల్లగడ్డం వెంట్రుకలతో సహా స్పష్టంగా ఉన్నాడు. "ముసలాయన ఊపిరి కూడా తీయలేదే" అంది అత్తయ్య.

ఆ రోజులే మంచివని నేననను. ఇప్పుడు చావింట్లో అందరి చేతుల్లోనూ ఫోన్లే, దుబాయిలో ఉన్నవాళ్ళు కూడా అక్కణ్ణుంచే చూస్తున్నారు. చూసి విసుక్కుంటాను గానీ, ఆ కాలంలో ఒక్క ఫోను ఉండి ఉంటే మార్తమ్మగారు నాలుగు పెళ్ళిళ్ళలోనూ పొయ్యి దగ్గర అన్నం వారుస్తూ ఎవరో ఒకరికి దొరికిపోయేవారు కదా అనిపిస్తుంది. అత్తయ్య లాంటి చెయ్యి మాత్రం ఇప్పుడు నాకు కనిపించదు. పాడైతే కొత్తది కొంటున్నాం. చెడగొట్టినవాళ్ళ పక్కనే కూర్చుని, వాళ్ళ చేతే విసనకర్ర విసిరించుకుంటూ బాగుచేసే ఓర్పు, ముప్పై ఏళ్ళు పిల్లలతో గడిపి కూడా, నాకే అబ్బలేదు.

ఫోటో ఇచ్చి రమ్మని అత్తయ్య నన్నొక్కదాన్నే పంపింది. "అక్కడ ఏం చెప్పాలో నువ్వే చూసుకో" అంది. దాన్యేలు మాస్టారు కవరు విప్పి, అమ్మ మొహం చూసి కళ్ళకద్దుకున్నారు. తర్వాత కిందికీ పైకీ చూసి "మేమెవరం లేమేంటండీ ఇందులో?" అన్నారు. ఆయన చెల్లెలు, నర్సమ్మ, తొంగి చూసి "అన్నయ్యా, నా మొహం ఏదీ? అమ్మతో నాకున్నది ఇదొక్కటే గదా" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను దాచలేదు. "తప్పు మా అత్తయ్యది కాదండీ. ముందు రోజు షట్టర్లో కొబ్బరినూనె పోసింది నేను. అందుకే అంతసేపు తెరిచి ఉంచాల్సొచ్చింది. మీరంతా నావల్లే చెదిరిపోయారండీ" అన్నాను. మాస్టారు ఫోటోని మళ్ళీ కవరులో పెట్టబోయారు. తిడితే బాగుండుననుకున్నాను.

అరుగు మీద ఎండలో కూర్చున్న ఏసోబు తాత "ఇటు తేండ్రా" అని చెయ్యి చాపాడు. ఫోటో దూరంగా పెట్టుకుని, దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. పగుళ్ళు వేసిన వేలు ముందు భార్య మొహం మీద పెట్టాడు, తర్వాత తన మొహం మీద. "మీ అమ్మా, నేనూ. మీరేర్రా?" అన్నాడు.

"కదిలిపోయాం నాన్నా" అన్నారు మాస్టారు.

"కదుల్తారు మరి. మీరు కదలాల్సినోళ్ళు. పిల్లలున్నోళ్ళు, ఉజ్జోగాలున్నోళ్ళు" అన్నాడు తాత. అని మళ్ళీ ఫోటోలోకి చూసుకుంటూ, తలపాగా తీసి, రేగిన నాలుగు వెంట్రుకల్నీ అరచేత్తో అణుచుకున్నాడు. "మా ఇద్దరికీ కలిపి ఫోటో ఎప్పుడూ లేదమ్మా" అన్నాడు నాతో. ఆ పెద్ద కళ్ళలో ఒక్కసారి ఎక్కడలేని బిడియం కనిపించింది. "ఆవిడ పక్కన నేను బాగున్నానా?"

మొహం రాని ఆ నర్సమ్మే కొంగుతో కళ్ళు తుడుచుకుని, వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది.

"బాగున్నావు నాన్నా" అంది.